వినబడేంత దూరంలో

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు. హాల్లో సోఫా మీద కాళ్ళు పైకి పెట్టుకుని, పక్కన ఇంకొకరికి చోటు మిగల్చకుండా అత్తగారు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, తెర పక్కకి జరిపి మాటిమాటికీ వీధిలోకి తొంగిచూస్తూ ఆడపడుచు; ఆవిడ పొద్దున్నే బస్సు దిగింది ఈ పని మీదే. ఆఫీసుకు సెలవు పెట్టి, సెలవు పాడైపోయిందని అందరి మీదా చిరాకు పడుతూ భర్త. తన గదిలో చెవుల్లో పాటలు పెట్టుకుని, పుస్తకం తెరిచి ఒక్క పేజీ కూడా తిప్పకుండా పాప. వంటింట్లో టీ గిన్నె ముందు, కన్ను పాల మీదా మనసు గడియారం మీదా పెట్టుకుని పిన్ని.

పాప తండ్రిని రెండో పెళ్ళి చేసుకుని వచ్చి పాపకి పిన్ని అయింది కాబట్టి ఆమె మెల్లమెల్లగా అందరికీ పిన్నే అయిపోయింది. పేపరు వేసే మనిషి కూడా పిన్నిగారూ అనే పిలుస్తాడు. ఆఫీసులో మాత్రం ఆమె పేటెంటు పరీక్షకురాలు. ఫలానాది మేం కొత్తగా కనిపెట్టాం, దాని మీద హక్కు మాకే ఇవ్వండి అని ఎవరైనా దరఖాస్తు పెడితే, అది నిజంగా కొత్తదేనా, అంతకుముందే ఎవరైనా ఎక్కడైనా చెప్పేశారా అని వెతికి తేల్చడం ఆమె పని. సగం రోజులు ఇంటి నుంచే చేస్తుంది కాబట్టి అది పని కాదని ఇంట్లో ఒక నమ్మకం స్థిరపడింది. నాలుగు గంటలకు కంప్యూటరులో విచారణ ఉందని పొద్దున్నుంచి మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఎవరో ఒకరు "ఊఁ" అన్నారు.

ఆరో మనిషి ఐదు గంటలకు వస్తుంది. మూడంతస్తుల పైకి ఎక్కి రాదు. కింద వీధిలో కారులో కూర్చుంటుంది. ఆమె పాప తల్లి. ఎనిమిదేళ్ళ క్రితం ఇల్లు విడిచి వెళ్ళిన మనిషి. పాప పెద్దదయింది కనుక తల్లిని చూడాలో వద్దో పాపే చెప్పాలని కోర్టు అంది. "ఇష్టమైతే కిందికి రమ్మనండి. అరగంట ఉంటాను. రాకపోతే ఇంకెప్పుడూ అడగను" అని తల్లి లాయరు చేత చెప్పించింది. పాప వారం రోజులుగా ఒకటే మాట మీద ఉంది. "చెప్పాపెట్టకుండా పోయిన మనిషితో నాకేం మాటలు?" ఆ మాట పాప పుట్టించినది కాదు. ఏడేళ్ళ వయసు నుంచీ చుట్టూ ఉన్నవాళ్ళు అంటుంటే నోటికొచ్చేసిన మాట.

పాప తల్లి ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. కానీ వంటింట్లో పై అర పిన్నికి అందదు, మునివేళ్ళ మీద నిలబడాలి. ఆ అర కొట్టించుకున్న మనిషి పొడుగు. స్నానాలగది బయట నాలుగు స్విచ్చిల్లో ఒకదాని మీద గోళ్ళరంగుతో పెట్టిన ఎర్రచుక్క ఉంది, నీళ్ళు కాచే స్విచ్చి ఏదో తెలియడానికి. "ఎర్రచుక్క ఆపావా?" అని ఇంటిల్లిపాదీ రోజూ అడుగుతారు, ఆ చుక్క పెట్టిందెవరో ఎవరూ అనరు. తెల్లవారుజామున చీకట్లో దాని మీద వేలు పెట్టినప్పుడల్లా తన వేలి కింద ఇంకో వేలు ఉన్నట్టు పిన్నికి అనిపించేది. అప్పుడప్పుడు అత్తగారు పరధ్యానంలో వంటింటి వైపు తిరిగి ఆ మనిషి పేరుతోనే పిలిచేది. పిన్ని పలికేది. పలకకపోతే మళ్ళీ అదే పేరుతో గట్టిగా పిలిచేది. అది రెండోసారి వినడం కంటే మొదటిసారికే పలకడం నయం.

"ఏమ్మా పేటెంటూ!" హాల్లోంచి ఆడపడుచు కేక. "టీలో చక్కెర వేస్తున్నావా, ఇంతకుముందే ఎవరైనా వేసేశారేమోనని వెతుకుతున్నావా?"

అందరూ నవ్వారు. పిన్ని కప్పులు తెచ్చింది. అత్తగారు ఒక గుక్క తాగి, పాప గది వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఆ లెక్కల భాగోతం గుర్తుందా మీకు?"

"ఎందుకు గుర్తుండదూ" అన్నాడు భర్త.

పిన్నికి ఆ కథ కొత్త కాదు. పాప బడిలో ఉన్నప్పుడు, చుట్టాలు వచ్చినప్పుడు, ఎన్నోసార్లు విన్నది. పాప తల్లికి దూరపు ఊళ్ళో ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. వెళ్తానంది, పాపని కూడా తీసుకెళ్తానంది. ఇంట్లో ఒప్పుకోలేదు. అప్పటి నుంచి రాత్రి భోజనాల దగ్గర కంచాలు పెడుతూ "ఇంకా పది రోజులు" అనేదిట. మర్నాడు "తొమ్మిది" అనేదిట. ఆపైన ఎనిమిది.

"నేను చేతులు కడుక్కుని వస్తూ అడిగేవాణ్ణి, ఇవాళ స్కోరెంత అని" భర్త ముందుకు వంగి అన్నాడు.

"నేను ఫోన్లో అడిగేదాన్ని, మీ ఇంట్లో రాకెట్టు ఎప్పుడు లేస్తోందర్రా అని!" ఆడపడుచుకి నవ్వుతో పొలమారింది.

"పిల్లని వదిలి ఆడది ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం. మాట వరసకి ఏదో అంటోంది అనుకున్నాం" అని అత్తగారు కప్పు కింద పెట్టి కళ్ళు ఒత్తుకుంది. "ఎంత గుండెలు తీసిన మనిషి కాకపోతే చెప్పాపెట్టకుండా పోతుంది?"

ఎప్పుడూ లాగే పిన్ని కూడా పెదాలు కొంచెం సాగదీసి, ఖాళీ కప్పులు తీసుకుని వెళ్ళింది.

నాలుగు అయ్యేసరికి పడగ్గదిలో ఇస్త్రీ బల్ల మీద కంప్యూటరు తెరిచి కూర్చుంది. దరఖాస్తు ఇళ్ళలో ఇంటర్నెట్టు పంచే ఒక పెట్టె గురించి. బయటికి అది ఒక్కటే పెట్టె, దానికి ఒక్కటే పేరు. లోపల మాత్రం ఫోనుకి ఇంటర్నెట్టు దారి ఇచ్చే యాక్సెస్ పాయింట్లు మూడు, మూడూ వేర్వేరు తరంగాల మీద పనిచేస్తాయి. ఫోను ఒకేసారి రెండు మూడు లింకులతో ఆ పెట్టెను పట్టుకుని ఉంటుంది. ఒక లింకు పోయినా దాని బరువు ఇంకో లింకు మీదికి మారిపోతుంది. లోపలి యాక్సెస్ పాయింట్లలో ఒకదాన్ని తీసేయాల్సి వస్తే అది ఉన్నట్టుండి ఆగిపోకూడదు. క్షణక్షణం అది "నేనున్నాను, నేనున్నాను" అని పంపే చిన్న సంకేతంలోనే "ఇంకా ఇన్నిసార్లే ఉంటాను" అని ఒక అంకె చేర్చాలి. అంకె తగ్గుతూ పోవాలి. ఆ లింకు మీద ఫోను నిద్రపోతున్నా తెలిసేలా మిగతా లింకులు కూడా అదే అంకె చాటాలి. ఈ చాటింపే మేం కనిపెట్టిన కొత్త సంగతి అంటోంది కంపెనీ.

దరఖాస్తు చివర దీని వల్ల ప్రయోజనమేమిటో ఒక వాక్యం ఉంది: ఒక యాక్సెస్ పాయింటు తొలగిపోయిన సంగతి వాడేవారికి తెలియనే తెలియదు. నెల క్రితం మొదటిసారి చదివినప్పుడే ఆ వాక్యం దగ్గర పిన్ని చెయ్యి ఆగింది. "నువ్వొచ్చాక మాకు ఆ లోటే తెలియలేదమ్మా" అని అత్తగారు నలుగురిలో ఎన్నిసార్లు మెచ్చుకుందో! పాప అన్నం డబ్బా ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదనీ, ఉతికిన బట్టలు అదే తీగ మీద అదే వేళకి ఆరాయనీ. ఆ మెప్పు విన్న రోజుల్లో పిన్నికి ఎందుకో చలివేసేది. ఒక మనిషి మాయమైతే ఒక ఇంటికి తెలియకపోవడానికి తనే కారణమా అనిపించేది. రేపు తను మాయమైనా వీళ్ళకి తెలియదా అనీ అనిపించేది.

విచారణ మొదలైంది. కంపెనీ తరఫు ఏజెంటు తెర మీద నమస్కారం పెట్టాడు. ఆరేళ్ళ క్రితం ఇంజనీర్ల బహిరంగ సమావేశంలో ఎవరో ఇదే సంగతి చెప్పారన్నది పిన్ని అభ్యంతరం.

"మేడమ్, అది ఎవరూ పట్టించుకోని ప్రసంగం. ఒక్కరు కూడా ప్రశ్న అడగలేదు. తర్వాత చర్చకే రాలేదు."

"అంకె తగ్గుతూ పోవాలని అందులో ఉందాండీ?"

"ఉంది."

"మిగతా లింకుల మీద కూడా చాటాలని?"

"ఉంది మేడమ్. కానీ ఎవరూ..."

సరిగ్గా అప్పుడే భర్త చొక్కా పట్టుకుని గదిలోకి వచ్చాడు. "ఇదిగో, దీనికి బొత్తాం ఊడింది. ఐదింటికి కిందికి దిగాల్సొస్తే ఏం వేసుకోను?" ఆమె భుజం మీద చొక్కా పడేసి వెళ్ళిపోయాడు. ఏజెంటు మర్యాదస్తుడు; తల వంచి కాగితాలు చూసుకుంటున్నట్టు నటించాడు. పిన్ని చొక్కాని మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పండి."

"ఆ రోజు అక్కడున్నవాళ్ళని ఇప్పుడు అడిగినా గుర్తు లేదంటారు మేడమ్. ఎవరూ నిజమని తీసుకోని మాట అది. దాన్ని చెప్పినట్టు ఎలా లెక్కవేస్తాం?"

"గుర్తుండాలన్న నియమం లేదండీ" అంది పిన్ని. ఎన్నో విచారణల్లో అని అని అరిగిపోయిన మాటలు, వాటంతట అవే వచ్చాయి. "నమ్మాలన్న నియమమూ లేదు. వినదలుచుకుంటే వినబడేంత దూరంలో చెప్పారు. అది చాలు. ఎవరూ చెవిన పెట్టకపోతే అది చెప్పినవాళ్ళ లోపం కాదు. చెప్పినట్టే లెక్క."

అన్నాక ఆమెకి తన గొంతు తనకే వేరెవరిదో అనిపించింది. గదిలో తనతోపాటు ఇంకొకరు నిలబడి ఇంతకాలం ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు మెడ వెనక జిల్లుమంది. గోడ అవతల ఆడపడుచు నవ్వు వినబడుతోంది. ఏజెంటు ఇంకేదో అన్నాడు. రాతపూర్వకంగా పంపమని చెప్పి, నమస్కారం పెట్టి, విచారణ ముగించింది.

ముగించి, లేవకుండా అలాగే కూర్చుంది. చెప్పింది కదా ఆ మనిషి! కంచాలు పెడుతూ, దీపం కింద, అందరికీ వినబడేలా, అంకె తగ్గిస్తూ రోజూ చెప్పింది. పిల్లని ఇవ్వమని కూడా అడిగింది. వీళ్ళు నవ్వారు. నవ్విన సంగతి వీళ్ళే కథగా చెప్పుకుంటున్నారు, పాప గది వైపు చూసి గొంతు తగ్గించి మరీ. నేనూ ఎన్నోసార్లు విన్నాను. నాకెందుకు తట్టలేదు? తట్టలేదా, తట్టనివ్వలేదా? "చెప్పాపెట్టకుండా పోయిన తల్లి" అన్న మాట ఈ ఇంట్లో ఉన్నంతకాలం నేను మంచిదాన్ని. ఆ మాట నీడలోనే పాప నా దగ్గరికి జరిగింది. మొదటి ఏడాది నన్ను చూస్తే మంచం కిందికి దూరేది. జ్వరం వచ్చిన రాత్రి మొదటిసారి నా కొంగు పట్టుకుని పడుకుంది. పెద్దమనిషైన రోజున బడి నుంచి ఎవరికి ఫోన్ చేసింది? నాకే. కడుపున పుట్టినవాళ్ళు నాకు లేరు. ఇప్పుడు నేను నోరు విప్పితే పాప మెట్లు దిగుతుంది. అరగంటకే తిరిగొస్తుందని ఎవరన్నారు? విప్పకపోతే ఐదున్నరకి కారు వెళ్ళిపోతుంది, ఇంకెప్పుడూ రాదు. నా పాప నాకుంటుంది. ఉంటుంది గానీ, తల్లి కోరుకోని బిడ్డనని నమ్మి పెరుగుతుంది. ఆ నమ్మకానికి రోజూ అన్నం పెట్టేదాన్ని నేనే అవుతాను.

బొత్తాం కుట్టలేదు. చొక్కాని బల్ల మీద వదిలేసి లేచింది.

ఆమె హాల్లోకి వచ్చేసరికి ఆడపడుచు కుర్చీలోంచి సగం లేచి ఉంది. "వచ్చింది. తెల్ల కారు. అబ్బో, కళ్ళజోడు కూడా పెట్టింది!"

"తెర వెయ్యి, చూస్తుంది" అన్నాడు భర్త.

పాప తన గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చెవుల్లోంచి తీగలు మెడ మీదికి వేలాడుతున్నాయి. అత్తగారు చేయి చాపింది. "నువ్విటు రా బంగారం, నా పక్కన కూర్చో. అరగంట కళ్ళు మూసుకుంటే అయిపోతుంది."

"నేనేం వెళ్ళను నాయనమ్మా. చెప్పాపెట్టకుండా పోయింది కదా, ఇప్పుడూ అలాగే పొమ్మను."

"చెప్పింది" అంది పిన్ని.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అత్తగారు "ఎవరు?" అంది.

"మీ అమ్మ చెప్పే వెళ్ళింది పాపా. పది రోజుల ముందు నుంచి రోజూ చెప్పింది. ఇంకా పది, ఇంకా తొమ్మిది అని, భోజనాల దగ్గర, అందరికీ వినబడేలా. ఉద్యోగం వచ్చింది, నిన్ను తీసుకెళ్తానని అడిగింది. వీళ్ళు పంపలేదు. ఇందాక వీళ్ళు అదే చెప్పుకుని నవ్వారు. నేనూ విన్నాను. ఎన్నోసార్లు విన్నాను, నీకు చెప్పలేదు."

"నీకు మతిగానీ పోయిందా?" భర్త గొంతు లేచింది. "అది వేళాకోళానికి ఏదో అనేది..."

"అన్నదా లేదా?"

"అంది. అంటే మాత్రం? ఎవరు నమ్ముతారు?"

"మీరు నమ్మక్కర్లేదండీ. చెప్పిందా లేదా అంతే."

భర్త అక్క వైపు చూశాడు. ఆడపడుచు తెర అంచు పట్టుకుని, దాని మీద ఏదో మరక ఉన్నట్టు గోటితో గీకుతోంది.

పాప ఎవరితోనూ కాకుండా అంది.

"నాకు ముద్దలు పెడుతూ అడిగేది. నిన్న ఐదు కదా, మరి ఇవాళెంత పాపా అని. నాలుగు అనేదాన్ని. వెనక్కి లెక్కపెట్టడం వచ్చేసిందని ముద్దు పెట్టుకునేది." పాప కళ్ళు పెద్దవయ్యాయి. "ఆట అనుకున్నాను పిన్నీ. తర్వాతి అంకె నేనే చెప్పేదాన్ని."



పాప గదిలోకి వెళ్ళలేదు. సోఫా వైపు చూడనూ లేదు. చెప్పుల అర దగ్గర వంగి, కుడి ఎడమలు తారుమారు చేసుకుని, మళ్ళీ సరిచేసుకుంది.

"ఇన్నాళ్ళు సాకి నీ చేతులతో నువ్వే పంపించేస్తావా అమ్మాయ్?" అత్తగారు ఏడుపుగొంతుతో అంది. "అది తిరిగి రాకపోతే నీకేం మిగుల్తుందో ఆలోచించావా?"

పిన్ని ఆలోచించింది. ఇందాక గదిలో కూర్చుని ఆలోచించింది అదే. పాప వెనకే గుమ్మం దాకా వెళ్ళింది, కాళ్ళకి తన చెప్పులు వెతుక్కుంటూ.

"ఉండు పాపా, మెట్ల మీద దీపం పోయింది. కిందిదాకా నేనూ వస్తాను."

పాప ఆగింది. వెనక్కి తిరిగి పిన్ని మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపముందో, జాలి ఉందో, రెండూ ఉన్నాయో.

"వద్దు పిన్నీ. నువ్వు పక్కనుంటే అమ్మ అన్నీ చెప్పదు" అని, పిన్ని కాలు గడప దాటకముందే తలుపు లాగి వేసేసింది.