మెస్సు రాజీ, క్లాసు రాజీ

పొద్దున ఏడింటికి హాస్టల్ పిల్లలంతా పళ్లాలు పట్టుకుని టిఫిన్‌కు వరసలో నిలబడేవాళ్లు. బల్లకు ఇటు పక్క నిలబడి రాజీ గరిటెతో ఉప్మా పెట్టేది. అటు పక్క వరసలో తెల్లకోటు వేసుకుని రాజీ పళ్లెం చాపేది. పెట్టే రాజీ ఒక గరిటె ఎక్కువ వేసేది కాదు, తీసుకునే రాజీ అడిగేది కాదు. ఎనిమిదికి గంట కొట్టగానే ఒకామె క్లాసుకు పోయేది, ఒకామె పళ్లాలు తోమడానికి పోయేది.

భూపాలపల్లిలోని ఆ నర్సింగ్ కాలేజీకి గుగులోత్ రాజీ ఒక్కతే వచ్చింది. వాళ్లది నెల్లికుదురు అవతల ఒక తండా. తండ్రి బీక్యా, తల్లి కళావతి, ఇద్దరూ మిర్చి తోటల్లో కూలికి పోతారు. కాలేజీ ఫీజు స్కాలర్‌షిప్ కింద సర్కారు కడుతుంది. హాస్టల్ ఖర్చు మాత్రం ఎటూ తేలలేదు. అప్పుడు ఆఫీసులో అరుంధతి మేడం ఒక కాగితం తీసి ముందు పెట్టింది.

"పొద్దుగాల ఆరింటి నుంచి పదకొండు దాక మెస్సుల పని చెయ్యాలె. చేస్తే హాస్టల్‌కు రూపాయి కట్టే పని లేదు. మీ సీనియర్లు చానమంది గిట్లనే చదివిన్రు" అంది.

క్లాసులు ఎనిమిదికే మొదలవుతాయని ఆ కాగితంలో లేదు. మొదటి నెలంతా రాజీ మెస్సు నుంచి క్లాసుకు, క్లాసు నుంచి మెస్సుకు ఉరికింది. నెలాఖరుకు హాజరు తక్కువైన వాళ్ల పట్టీలో పేరు పడింది. హాజరు లేకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. రెండో నెలలో ఒక రోజు ఆలుగడ్డల చెక్కు తీస్తుంటే గంట మోగింది. రాజీ లేచి పోయింది. వంట చూసే చిలుకమ్మ తల తిప్పి చూస్తే, రాజీ పీట మీదే కూర్చుని చెక్కు తీస్తోంది. చిలుకమ్మ కిటికీలోంచి చూసింది. అక్కడ తెల్లకోటు రాజీ మెట్లెక్కుతోంది.

"ఇంకో సంచి ఉన్నది బిడ్డా, అది గూడ తియ్యి" అంది చిలుకమ్మ.

ఆనాటి నుంచి వాళ్లు ఇద్దరు. పిల్లలు మెస్సు రాజీ, క్లాసు రాజీ అని పిలవడం మొదలుపెట్టారు. వార్డెన్ రెండో మంచం ఇవ్వలేదు, ఒక పేరుకు ఒక మంచమే. తల్లికి ఫోన్ చేసి చెప్తే కళావతి "ఇద్దరికీ కడుపునిండ పెడుతున్నరా?" అని అడిగింది.

"పెడుతున్నరు యాడీ."

"ఇగ పరేషాన్ ఏంది మరి" అని పెట్టేసింది.

ఈ కథ క్లాసు రాజీది. ఆమెకు పాఠాలు బాగా వచ్చేవి. ఎముకల పేర్లు, మందుల మోతాదులు ఒకసారి వింటే చాలు. కానీ ఉప్మాలో ఉప్పు ఎక్కువైందని పక్కవాళ్లు మొహం చిట్లిస్తే, ఆమె అప్పటికే సగం తినేసి ఉండేది. చలికాలం పొద్దున స్వెట్టర్ మరచిపోయి క్లాసులో కూర్చునేది. ఎవరైనా నవ్వు వచ్చే మాట చెప్తే, నవ్వాల్సిన చోటు చూసుకుని నవ్వేది. బాధ అని చెప్పుకోవడానికి ఏమీ లేదు. అసలు ఏమీ లేదు.

రెండో ఏడు నాయనమ్మ గంగి చనిపోయింది. రాజీని పెంచింది ఆమే. కబురు వచ్చిన రోజు మెస్సులో రెండు వందల మందికి వండాలి. అందుకని క్లాసు రాజీ తండాకు పోయింది. అక్కడ తల్లి ఏడ్చింది, ఆడవాళ్లంతా గొంతెత్తి ఏడ్చారు. రాజీ గోడకు ఆనుకుని నిలబడి, మెస్సులో ఉన్న రాజీ ఏడుస్తూ ఉంటుందిలే అనుకుంది. తిరిగి వచ్చాక సాయంత్రం మెట్ల మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఇద్దరూ మాట్లాడుకున్నారు.

"ఏడ్చినవా?" అంది మెస్సు రాజీ.

"లే. నువ్వు ఏడుస్తవనుకున్న."

"నేను గూడ నువ్వు ఏడుస్తవనే అనుకున్న."

మిగిలిన బియ్యం ఏరి లోపలికి పోయారు.

రోజూ సాయంత్రం ఆ మెట్ల మీదే క్లాసు రాజీ ఆనాటి పాఠం చెప్పేది. చెప్తే తనకు గుర్తుంటుందని చెప్పేది. మెస్సు రాజీ చేతులతో పని చేస్తూ వినేది. మూడేళ్లలో ఒక్క పాఠం వదల్లేదు.

మూడో ఏడు దవాఖానలో డ్యూటీలు పడ్డాయి. క్లాసు రాజీ మొదటిసారి ఒక రోగి మణికట్టు పట్టుకుంది. మూడు వేళ్లు ఎక్కడ పెట్టాలో తెలుసు, ఎంతసేపు లెక్కపెట్టాలో తెలుసు. వేళ్ల కింద ఏమీ కొట్టుకోలేదు. గడియారం చూస్తూ ఒక నిమిషం నిలబడి, డెబ్బై రెండు అని రాసింది. తర్వాతి మంచానికీ డెబ్బై రెండే. నెల రోజులు అట్లాగే గడిచింది.

ఒక రోజు తరిగొప్పుల నుంచి బిడ్డ ఇంటికి వచ్చి జబ్బుపడిన ముసలావిడ ఒకామె వార్డులో చేరింది. రాజీ డెబ్బై రెండు రాసి పక్కకు జరిగింది. వెనకే వస్తున్న ప్రేమలత సిస్టర్ ఆ ముసలావిడ చెయ్యి ఊరికే అట్లా పట్టుకుని, ఒక్కసారిగా డాక్టరు కోసం కేక పెట్టింది. నలభై కూడా లేదు. డాక్టర్లు ఉరికొచ్చారు. మధ్యాహ్నానికి ఆమె కళ్లు తెరిచింది.

ప్రేమలత రాజీని వరండాలోకి పిలిచింది. "ఎట్ల చూసినవమ్మా నువ్వు?"

"చూసిన సిస్టర్. నాకు తెల్వలే."

ప్రేమలత ఆమె మొహంలోకి చూసింది. చార్టులో డెబ్బై రెండు కొట్టేసి తను చూసింది రాసుకుంది. రాజీకి భయం వేయాలి. వేయలేదు. భయం వేయలేదన్న సంగతి మాత్రం ఆమెను రోజుల తరబడి వదల్లేదు.

రాత పరీక్షలు అయిపోయాయి. ప్రాక్టికల్ రోజు పొద్దున క్లాసు రాజీ కోటు తీసి మెస్సు రాజీకి ఇచ్చింది, ఆమె పోయి పాసై వచ్చింది. మహబూబాబాద్‌లో ఒక దవాఖానలో కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. పదిహేనో తారీఖు లోపల అసలు సర్టిఫికెట్లు తీసుకుని చేరాలి. సరిగ్గా ఆ వారంలోనే స్కాలర్‌షిప్ తనిఖీకి వెంకట్రాం అనే ఆఫీసరు వచ్చాడు. క్లాసు హాజరు, మెస్సు హాజరు పక్కపక్కన పెట్టి చూశాడు. మూడేళ్లుగా ఒకే వేలిముద్ర, ఒకే టైముకు, రెండు చోట్ల.

"ఇద్దరున్నరా?" అన్నాడు.

"ఉన్నరు సార్" అంది అరుంధతి మేడం.

"ఉంటే ఉండనీ. కని ఒక్క నంబరు మీద ఇద్దరు నడువరు. బిల్లు ఆగుతది. ఒకామెకు వేరే పేరు రాయుండ్రి."

ఆయన పోయాక అరుంధతి మేడం ఇద్దరినీ కూర్చోబెట్టి టీ తెప్పించింది. "ఇంకో మాట గూడ చెప్పాలె. మీ రెండేండ్ల ఫీజు పైనుంచి ఇంక రాలే. అది వచ్చేదాక సర్టిఫికెట్లు ఇయ్యద్దని మా యజమాని మాట. నేను మాట్లాడిన. ఒకామె మెస్సుల ఉంటే, ఇంకొకామెకు సర్టిఫికెట్లు ఇస్తమన్నరు. నాతోని అయింది గింతే."

"ఎన్ని దినాలు ఉండాలె మేడం?" అంది క్లాసు రాజీ.

"పైసలు వచ్చేదాక."

మెస్సు రాజీ గ్లాసు కింద పెట్టి, "నేనుంట. పేరు రాయుండ్రి" అంది. ఏం పేరు రాయాలని మేడం అడిగితే ఇద్దరూ ఒకేసారి గంగి అన్నారు.

మరునాడు పొద్దున బస్సు టైముకు ముందు, మెట్ల మీద క్లాసు రాజీ తెల్లకోటు మడతపెట్టి, సర్టిఫికెట్ల కవరుతో సహా రెండో ఆమె ఒడిలో పెట్టింది.

"నువ్వు పో."

"నేనా? మూడేండ్లు క్లాసుల కూసున్నది నువ్వు."

"నేను చెప్పిందంత నీకు వచ్చు. అడుగుమంటవా?" అంటూ నాలుగు ప్రశ్నలు అడిగింది. ఆగకుండా నాలుగింటికీ జవాబులు వచ్చాయి. "చూసినవా. మనిషి చెయ్యి పట్టుకుంటే నాకేం తెలుస్తలేదు. డెబ్బై రెండు అని రాసుకుంట పోతే, ఏదో ఒకనాడు ఎవరో ఒకరు పోతరు."

మెస్సు రాజీ ఆమె మణికట్టు పట్టుకుని కళ్లు మూసుకుంది. "అరవై ఎనిమిది" అంది. కోటు తొడుక్కుని బస్టాండు వైపు నడిచింది.

మొహం ఒక్కటే కాబట్టి కాలేజీలో ఎవరికీ తెలియలేదు. చిలుకమ్మకు తెలిసింది. గంగి పేరుతో మిగిలిన క్లాసు రాజీ కత్తి పట్టుకున్న తీరు చూసి, కత్తి తీసుకుని తిప్పి చేతిలో పెట్టింది. "గిట్ల పట్టు" అంది, అంతే. ఇంటికి ఫోన్ చేస్తే తల్లి ఎప్పటిలాగే ఏ రాజీవి అని అడిగింది.

"గంగిని యాడీ."

అవతల కళావతి ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. "తిన్నవా గంగీ?" అంది.

మహబూబాబాద్ నుంచి రాజీ వారానికోసారి మాట్లాడేది. "మా వార్డుల పదహారుమంది. పదహారుమందివి పదహారు తీర్ల కొట్టుకుంటయి. ఒకాయనది ఆగి ఆగి కొట్టుకుంటున్నదని డాక్టర్‌కు చెప్పిన. టైముకు చెప్పినవన్నడు" అనేది. గంగి వినేది.

వానాకాలంలో ఒకనాడు గంగి గుడ్డ లేకుండా పొయ్యి మీది అన్నం గంజు దించింది. చిలుకమ్మ లబోదిబోమంటూ వచ్చి చేతులు నీళ్లలో ముంచింది. అరచేతులు బొబ్బలెక్కాయి. నాలుగు రోజులు గంగికి ఏమీ తెలియలేదు. ఐదో రోజు పళ్లాలు తోముతూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"మండుతున్నది అక్కా" అంది.

"ఎంత?"

"చాన. చాన మండుతున్నది." కింద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది. చిలుకమ్మ చేతులు తుడుచుకుని పక్కనే కూర్చుంది. ఆ రోజు పిల్లలకు అన్నం అరగంట ఆలస్యమైంది.

పద్నాలుగు నెలలకు ఫీజు పైసలు వచ్చాయి. అరుంధతి మేడం రిజిస్టరులో పేరు కొట్టేసి, "ఇగ నువ్వు పోవచ్చు గంగీ" అంది. రాజీ సెలవు పెట్టుకుని వచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. కలిసిపోతామేమోనని కాసేపు చూశారు. రాజీ ఇప్పుడు కొంచెం లావైంది, జుట్టు కత్తిరించుకుంది. గంగి చేతుల మీద మచ్చలున్నాయి. ఏమీ జరగలేదు.

"మరి నువ్వేం చేస్తవ్?" అంది రాజీ.

"చదువుకుంట" అంది గంగి.

గంగి అనే మనిషికి సర్టిఫికెట్లు లేవు. పదో తరగతి కూడా లేదు. మరుసటి సోమవారం ఇద్దరూ ఓపెన్ స్కూల్ పదో తరగతి ఫారాలు ఇచ్చే చోటికి పోయారు. రాజీ తన జీతంలోంచి ఫీజు కట్టింది. కిటికీ అవతల ఉన్నాయన పేరు, తండ్రి పేరు రాసుకున్నాడు.

"ఇంతకుముందు ఏమన్న చదివినవా అమ్మా?"

గంగి మందుల మోతాదులు, ఎముకల పేర్లు, గుండె నాలుగు గదులు, అన్నీ తలుచుకుంది.

"లేదు సార్. ఇప్పుడే మొదలు" అంది.

ఆయన అక్కడొక గీత గీసి, సంతకం పెట్టమని ఫారం జరిపాడు. ఆ పేరుతో ఆమె ఎన్నడూ సంతకం పెట్టలేదు. పెన్ను తీసుకుని, తప్పు పోకుండా, ఒక్కో అక్షరం రాసింది.