తిమింగలం కుడిచెయ్యి

పంతొమ్మిది వందల ముప్ఫై మూడు జనవరిలో హంసలదీవి దగ్గర ఒడ్డుకు ఒక తిమింగలం కొట్టుకొచ్చింది. ఆ కబురు బందరు చేరేసరికి నాలుగు రోజులైంది. విన్నవాళ్ళు అబ్బురపడి ఊరుకున్నారు. హైస్కూల్లో సైన్సు చెప్పే సత్యనారాయణమూర్తి పంతులు మాత్రం హెడ్మాస్టరును ఒప్పించి, రెండు పెద్ద కత్తులూ ఒక కొలత టేపూ పట్టుకుని ఆ మధ్యాహ్నమే బయల్దేరాడు. తోడుగా సైన్సు గది అటెండరు సీమోనును తీసుకెళ్ళాడు.

సీమోనుకు నలభై ఏళ్ళు. పామర్రు దగ్గర పల్లెలో పుట్టి, మిషన్ బళ్ళో అయిదో తరగతి దాకా చదువుకున్నాడు. భార్య జ్ఞానమ్మ విషజ్వరంతో పోయి మూడేళ్ళయింది. పిల్లల్లేరు. పొద్దున్నే బళ్ళో బీరువాలు తుడవటం, సీసాలు కడగటం, సాయంత్రం తాళం వేసి ఇంటికి పోయి ఒక్కడికే ఇంత వండుకోవటం. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందుకే పంతులు రమ్మన్నప్పుడు ఎన్నాళ్ళకని కూడా అడగలేదు.

పులిగడ్డ రేవు దాటి, బండి మీద కోడూరు చేరి, అక్కణ్ణుంచి మడ అడవి పక్కగా నడిచి వెళ్ళారు. తిమింగలం కంటపడక ముందే దాని కంపు ఎదురొచ్చింది. పంతులు ఉత్తరీయం ముక్కుకు కట్టుకుని దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పొడవు ముప్ఫై ఆరడుగులు. తలే ఒంట్లో నాలుగో వంతుంది. పళ్ళు కింది దవడకే ఉన్నాయి. నోరు మూస్తే ఆ పళ్ళు దిగటానికి పై దవడలో గుంటలున్నాయి. తలలో ఉన్న నూనె అక్కడ చేపలు పట్టుకునే పల్లెకారులు తీసుకునేటట్టు, అందుకు బదులు కండ కోసి పెట్టేటట్టు ఒప్పందం కుదిరింది. నూనె కోసం వాళ్ళు కుండలు తెచ్చుకున్నారు.

మూడో రోజున పంతులు కుడివైపు రెక్కను తనే కోశాడు. తోలు ఒలిచి, కండ చీల్చి, సీమోనును దగ్గరికి పిలిచాడు. లోపల చెయ్యి ఉంది. దండ చెయ్యి, ముంజేతి ఎముకలు రెండు, వాటికి అయిదు వేళ్ళు. బొటనవేలు పొట్టిగా, పక్కకు ఒదిగి ఉంది. నడిమి వేలికి మనకంటే రెండు కణుపులు ఎక్కువ.

సీమోను వంగి ఆ వేళ్ళు లెక్కపెట్టాడు. "ఇది చేపండీ, మనిషండీ?" అన్నాడు.

చేప కాదని పంతులు చెప్పాడు. కోట్ల ఏళ్ళ కిందట దీని పూర్వులు నాలుగు కాళ్ళతో నేల మీద తిరిగాయట. తర్వాత నీళ్ళలోకి వెళ్ళి మళ్ళీ రాలేదట. ఈ మాట చెబుతూనే పొత్తికడుపు దగ్గర కండలో తడిమి, జానెడు పొడవున్న రెండు ఎముకలు బయటికి తీశాడు. అవి వెన్నెముకకు గానీ మరి దేనికి గానీ అతుక్కుని లేవు. ఒకప్పటి వెనక కాళ్ళకు మిగిలిన గుర్తులు అవేనన్నాడు. వాటిని గుడ్డలో చుట్టి బందరు తీసుకెళ్ళటానికి తన సంచిలో పెట్టుకున్నాడు.

మిగిలిన కళేబరాన్ని ఒడ్డుకు ఎగువన పెద్ద గొయ్యి తీసి పూడ్చారు. చిన్న ఎముకలు చెదిరిపోకుండా కుడిచేతిని పాత వల ముక్కలో చుట్టి పూడ్చారు. తల ఎక్కడుందో, తోక ఎక్కడుందో, చేతులెక్కడున్నాయో తెలిసేటట్టు గుంజలు పాతారు. ఏడాదికి కండంతా కుళ్ళి ఇసకలో కలిసిపోతుంది, తెల్లటి ఎముకలు మిగులుతాయి. అప్పుడు తవ్వి తీసి బళ్ళో నిలబెట్టాలని పంతులు ఆలోచన. అప్పటిదాకా నక్కలు తవ్వకుండా, తాయెత్తులకని జనం పళ్ళు ఎత్తుకుపోకుండా ఎవరో ఒకరు కాపలా ఉండాలి.

"ఉండగలవా సీమోనూ? మనుషులుండే చోటు కాదు ఇది" అన్నాడు పంతులు.

"బందర్లో మాత్రం ఎవరున్నారండీ నాకు" అన్నాడు సీమోను.

తాటాకు పాక ఒకటి వేసిచ్చి పంతులు వెళ్ళిపోయాడు. నెలనెలా బియ్యం, పప్పు కోడూరు దాకా బండిలో వచ్చేవి. పల్లెకారుల గుడిసెల్లో ఉండే రావమ్మ అనే ఆవిడ చేపలమ్మటానికి కోడూరు సంతకు వెళ్ళి, వచ్చేటప్పుడు ఆ సరుకుతో పాటు ఉత్తరాలు కూడా తెచ్చిచ్చేది. గుమ్మంలో దించి, నీళ్ళు తాగి వెళ్ళిపోయేది. ఆవిడ రాని రోజున మనిషి ముఖం కనపడేది కాదు. సీమోను పొద్దున్నే గుంజల చుట్టూ తిరిగి, నక్క అడుగులుంటే చెరిపి ఇసక సర్దేవాడు. వంట చేసుకునేవాడు. ఆదివారం బైబిలు కొంచెం పైకే చదువుకునేవాడు. కొన్నాళ్ళకు తన గొంతు తనకే ఎవరిదోలా అనిపించి మనసులో చదువుకోవటం మొదలుపెట్టాడు.

పంతులుకు పదిహేను రోజులకొక కార్డు రాసేవాడు. జవాబులో నాలుగు ముక్కలుండేవి. గుంజలు కదిలాయా? నీళ్ళు ఎంత దాకా వచ్చాయి? ఇసక కుంగితే నింపు. జాగ్రత్త.

శ్రావణంలో వచ్చిన ఉత్తరం వేరే దస్తూరీతో ఉంది. ఒంట్లో బాగాలేదు, ఇంట్లోవాళ్ళ చేత రాయిస్తున్నాను అని పంతులు రాయించాడు. సీమోను అప్పట్నుంచి రోజూ ఆయన కోసం ప్రార్థన చేశాడు. ఆ తర్వాత ఉత్తరాలన్నీ ఆ గుండ్రటి దస్తూరీలోనే వచ్చాయి. భాద్రపదం వెళ్ళాక కార్డుకు బదులు కవర్లు రావటం మొదలైంది. వాటిలో కొలతలు లేవు. సముద్రం పొద్దున ఏ రంగులో ఉంటుంది? ఆ హోరుకు నిద్ర పడుతుందా? ఒక్కడివే వండుకుంటావు గదా, ఏం వండుకుంటావు? నీ భార్య పేరేమిటి?

సీమోను ఆ ఉత్తరాన్ని రెండు రోజులు దగ్గరే పెట్టుకున్నాడు. జ్ఞానమ్మ పోయాక ఆమె పేరు అడిగినవాళ్ళు లేరు. జబ్బు చేసి పంతులు మనసు మెత్తబడింది కాబోలనుకున్నాడు. మూడో రోజున కూర్చుని నాలుగు పేజీలు రాశాడు. సముద్రం తెల్లారగట్ల బూడిద రంగులో ఉంటుందని, ఎండ ఎక్కాక ఏటి నీళ్ళు కలిసే చోట ఎర్రటి చార ఒకటి కనపడుతుందని రాశాడు. జ్ఞానమ్మకు గోంగూర అంటే ప్రాణమని, ఆమె వండినట్టు తనకు కుదరటం లేదని రాశాడు. అప్పటినుంచి చూసిందల్లా ఉత్తరంలో రాయటానికే చూశాడు. ఉత్తరదేశం నుంచి కొంగలు దిగిన రోజు, మడ చెట్ల వేళ్ళు నీళ్ళలోంచి పైకి పొడుచుకొచ్చే తీరు, సముద్రపు తాబేలు కళ్ళవెంట నీళ్ళు కారటం. తాబేలు ఏడవదు, ఒంట్లోని ఉప్పు అలా బయటికి పోతుంది అని జవాబొచ్చింది. మా ఇంట్లో ఉన్న పుస్తకంలో చదివాను అని కూడా ఉంది.

మార్గశిరం దాటాక గొయ్యి తవ్వాడు. పల్లెకారులు ఇద్దరు వచ్చి తల ఎత్తటానికి సాయం పట్టారు. మిగిలినదంతా ఒక్కడే తీశాడు. ఎముకలు తెల్లబడి, తేలికగా, ఇసక రాలిపోతూ వచ్చాయి. వాటిని వరసగా ఒడ్డున పరిచాడు. తల నుంచి తోక చివరి దాకా నడవటానికి పదహారు అంగలు పట్టింది. అంతా సిద్ధంగా ఉంది, దయచేసి రండి అని రాశాడు.

ఈసారి జవాబు రెండు వాక్యాలే. నేను రాలేను. కుడిచెయ్యి ఒక్కటి పట్టుకుని ఇంటికి రా, పెరటి దారిన.

సీమోను ఎముకలను సంచిలో సర్దుకుని బయల్దేరాడు. మర్నాడు పగలు మూడింటికి బందరు ఈడేపల్లిలో పంతులు ఇంటి పెరటి తలుపు దగ్గర నిలబడి పిలిచాడు. లోపల బావి దగ్గర చెవులు వినపడని ముసలావిడ ఒకామె, పంతులు తల్లి, వత్తులు చేసుకుంటోంది. వంటింటి గుమ్మంలోకి పంతులు భార్య వేదవతి వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. తెల్లచీర కట్టుకుని, తల మీదుగా కొంగు కప్పుకుని ఉంది. నుదుట బొట్టు లేదు.

సీమోను చేతిలోని సంచి కింద పెట్టాడు.

"ఎప్పుడండీ?" అన్నాడు.

"భాద్రపదంలో" అంది వేదవతి.

ఆమె తలుపు పట్టుకుని, నేల చూస్తూ మిగిలింది చెప్పింది. ఆయన మంచాన పడ్డాక చెబుతుంటే రాసింది తనే. పోయిన పదో రోజున సీమోను కార్డు వచ్చింది. హెడ్మాస్టరు కూడా మనిషిని పంపాడు: ఎముకలు బళ్ళో పెట్టటానికి చోటు లేదు, సీమోనును రమ్మని రాయమన్నాడు. రాద్దామని కాగితం తీసుకుంది. రాయలేకపోయింది. రాస్తే అతను వచ్చేస్తాడు, ఆయన మొదలుపెట్టింది అక్కడే ఇసకలో పోతుంది. మొదట అనుకున్నది అదే.

"తర్వాత అది కూడా కాదు" అంది. "ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు సీమోనూ. అత్తయ్యకు వినపడదు. పలకరించటానికి వచ్చినవాళ్ళు ఏడిచి వెళ్ళిపోతారు. నీ ఉత్తరం వస్తే ఆ రోజు గడిచేది. నిన్ను నాలుగు నెలలు అక్కడ ఊరికే కూర్చోబెట్టాను. తప్పు చేశాను."

సీమోనుకు ముందు కోపం వచ్చింది. పంతులు బాగుండాలని తను చేసిన ప్రార్థనలు గుర్తొచ్చాయి. అప్పటికే లేని మనిషి కోసం చేశాడు. తర్వాత, ఏం వండుకుంటావని అడిగిన ఉత్తరం గుర్తొచ్చింది.

"నేను ఊరికే కూర్చోలేదండీ అమ్మగారూ" అన్నాడు. "ఆ నాలుగు నెల్లే మనిషిలా ఉన్నాను."

వేదవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ చెయ్యి చూపించమంది.

సీమోను పెరట్లో చదునుగా ఉన్న చోట గోనె పరిచి, దాని మీద ఎముకలు ఒక్కొక్కటే పేర్చాడు. దండ చెయ్యి, ముంజెయ్యి, మణికట్టు దగ్గరి చిన్న పలకలు, వేళ్ళు. పేరుస్తూ ఏది ఏదో చెప్పాడు. పంతులు తనకు చెప్పినవే చెప్పాడు. ఆమె మధ్యలో ఒకటి రెండు అడిగింది. నడిమి వేలి చివరి కణుపు, చింతగింజ కంటే కాస్త పెద్దది, పెట్టేసరికి మెట్టు దిగి దగ్గరికి వచ్చింది. వంగి, తాకకుండా, తన అరచేతిని దాని పైన చాపి పట్టుకుంది. ఆ చెయ్యి పక్కన ఆమెది పసిబిడ్డ చెయ్యిలా ఉంది.

"అక్కడ ఉండగానే తెలిసి ఉంటే వెంటనే వచ్చేసేవాడివా?" అని అడిగింది.

"వచ్చేవాణ్ణి కాదనే అనుకుంటానండీ. తవ్వే వచ్చేవాణ్ణి."

ఎల్లుండి తోట్లవల్లూరు నుంచి తన అన్న వస్తున్నాడని, తననూ అత్తగారినీ తీసుకుపోతాడని ఆమె చెప్పింది. ఈ చెయ్యి తను ఉంచుకోవటం కుదరదు, పుర్రెలూ ఎముకలూ ఇంట్లో ఏమిటని పారేస్తారు. సీమోను తలూపాడు. ఎముకలన్నీ మళ్ళీ వరసగా ఏరి సంచిలో వేసుకున్నాక, వెళ్ళబోతూ ఆగాడు.

"తోట్లవల్లూరికి రాయమంటారా అండీ?"

వేదవతి అత్తగారి వైపు చూసింది. బావి దగ్గర ముసలావిడ చేసిన వత్తులు చాటలో పేరుస్తోంది.

"వద్దు సీమోనూ" అంది. "అక్కడ ఉత్తరాలు అన్నయ్య విప్పుతాడు."

హెడ్మాస్టరు నాలుగు చీవాట్లు పెట్టి సీమోనును పనిలోకి తీసుకున్నాడు, ఏ సీసాలో ఏముందో తెలిసినవాడు ఇంకొకడు లేడు గనక. సీమోను ఎవరినీ అడగకుండా ఆ చేతిని రాగి తీగతో కూర్చి సైన్సు గదిలో కిటికీ పక్క గోడకు తగిలించాడు. కొత్త పంతులు వచ్చి చూసి, ఉండనీ అన్నాడు. ఏ రాక్షసుడిదో అనుకుని విద్యార్థులు అడిగితే, సీమోను చీపురు పక్కన పెట్టి, నేల మీద నడిచి నీళ్ళలోకి వెళ్ళిన జంతువు గురించి చెప్పేవాడు. అదొక్కటీ చెప్పేటప్పుడు అతను చాలాసేపు మాట్లాడేవాడు.

హంసలదీవిలో పరిచిపెట్టిన మిగతా ఎముకల కోసం ఎవరూ బండి పంపలేదు. మరుసటి కార్తీకంలో పెద్ద పోటు వచ్చి వాటిని తీసుకుపోయిందని, పాక కూడా పడిపోయిందని బందరు వచ్చిన పల్లెకారు ఒకతని చేత రావమ్మ చెప్పి పంపింది.