ఒకే మైదానం, రెండు ఎత్తులు

మా షెడ్డులో పాత ఫుట్‌బాల్ మైదానాల నమూనాలు చేస్తాం. కూల్చేసినవి, కూల్చబోయేవి. క్లబ్బులవాళ్లు వాటిని అద్దాల పెట్టెల్లో పెట్టుకుంటారు. నాలుగు వైపులా నాలుగు స్టాండ్లు, జనం కూర్చునే మెట్లు, పైన రేకులు, నడుమ గడ్డి. రెండు స్టాండ్లు అన్న చేస్తాడు, రెండు నేను. చివర్న ఒకే పలక మీద కలుపుతాం.

పోయినసారి నమూనా కింద ఇత్తడి పలక మీద అన్న తన పేరొక్కటే చెక్కించుకున్నాడు. అప్పట్నుంచీ మాకు మాటల్లేవు. ఏం చెప్పాలన్నా అక్కకి చెప్తాం.

"జిగురు డబ్బాకి మూత పెట్టమను వాణ్ణి," అన్నాడు అన్న.

"మూతట," అంది అక్క, తల తిప్పకుండానే.

"చేతులు ఆయనకీ ఉన్నాయిగా," అన్నాను.

"ఒరేయ్, ఆ జిగురేమైనా మీ నోళ్లకి అంటుకుందా? నేనేమైనా మీ తపాలా బంట్రోతునా?"

షెడ్డు అక్కది. వెనక గదిలో నేను పడుకుంటాను. నాకు వేరే చోటు లేదు, వేరే పని రాదు. ఇప్పుడు చేస్తున్న ఈ నమూనాని, చేయించుకుంటున్న క్లబ్బాయన వద్దంటే షెడ్డు టైర్ల కొట్టాయనకి ఇచ్చేస్తానని అక్క మొన్ననే చెప్పింది. ఊరికే బెదిరించే మనిషి కాదు.

క్లబ్బాయన మధ్యాహ్నం వస్తానన్నాడు. పొద్దున్నే స్టాండ్లు నాలుగూ పలక మీదికి ఎక్కించాం. మూలలో నా రేకు అన్న రేకు కంటే వేలి మందం ఎత్తుగా నిలబడింది. అవతలి మూలా అంతే.

"కొలవడం కూడా రాదు వాడికి," అన్నాడు అన్న, అక్కతో.

మేం కొలిచేది నాన్న చేసిన టేకు కర్రతో. దాని మీద గంట్లుంటాయి, గంటుకో మెట్టు. మాటలు పోయాక కర్ర అన్న దగ్గరే ఉండిపోయింది. అంతకుముందే ఆ గంట్లు నేనొక వెదురు బద్ద మీదికి ఎత్తుకున్నాను. కర్ర బల్ల మీద పడి ఉంటే పక్కన నా బద్ద పెట్టి చూశాను. కర్ర పొట్టిగా ఉంది. కొన కొత్తగా చెక్కి ఉంది, అంచున నీలం రంగు. దాంతో అన్న రంగు డబ్బా మూత ఊడదీశాడన్నమాట. కొన విరిగితే కత్తితో నున్నగా చెక్కి, అదే కొన నేలకి ఆనించి కొలిచాడు. ఆయన స్టాండ్లకి కింది మెట్టు సగమే ఉంది.

"అక్కా, ఆ కర్ర చూడు."

అక్క చూసింది. అన్న కూడా చూశాడు. చటుక్కున కర్ర లాక్కుని చంకలో పెట్టుకున్నాడు.

"ఆయన స్టాండ్ల కింద పల్చటి చెక్క పెడితే సరిపోతుందని చెప్పు," అన్నాను.

"కుంటి బల్లకి పెట్టినట్టా? నా వాటి కింద చెక్క పెట్టి చూడమను. రెండూ ఎత్తి రోడ్డు మీద కొడతాను!"

కొడతాడు. ఒక నమూనాలో దీపస్తంభం వంకరగా ఉందన్నందుకు ఒకసారి దాన్ని మోకాలి మీద విరిచేశాడు.

అక్క నావైపు చూసింది.

నా స్టాండ్ల ముందు గోడకి ఇటుకలు ఒక్కొక్కటే సూదితో గీసి పెట్టుకున్నాను. స్టాండు తిప్పి, వేలి మందం తగ్గించడానికి ఆ గోడ కిందనుంచే రంపం పెట్టాను. అన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకొంచెం దిగాలని చెప్పు."

"నీకే దిగుతుంది రంపం, నోరు మూసుకో," అంది అక్క.

రెండోదీ కోశాను. కలిపాం. మూలలు సరిగ్గా కూర్చున్నాయి.

క్లబ్బాయన వచ్చి నమూనా చుట్టూ తిరిగాడు. వంగి, గోడ ఎత్తుకి కళ్లు దించాడు.

"ముందు గోడ ఇంత పొట్టిగా ఉండేదా?"

అన్న షెడ్డు గోడకేసి చూస్తున్నాడు.

"ఆ మైదానం ఉన్నప్పుడు మీరు చిన్నవారు కదండీ," అంది అక్క. "ఆ వయసుకి అన్నీ ఎత్తుగానే కనిపిస్తాయి."

ఆయన నవ్వాడు. "అదీ నిజమే." నమూనా వ్యాన్‌లోకి ఎక్కించుకుంటూ, వాళ్ల మరో పాత మైదానం కూడా చేసిపెట్టమన్నాడు.

వ్యాన్ మలుపు తిరిగిందో లేదో అన్న మొదలుపెట్టాడు.

"చూశావుగా అక్కా. వాడే కోసుకున్నాడు. తప్పెవరిదో తేలిపోయింది."

నేను అక్కవైపు తిరగలేదు. ఆయన ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"ఈసారి నాలుగు స్టాండ్లూ నేనే చేస్తాను. నువ్వు గడ్డి అతికించు."

గడ్డి అతికించడం మా షెడ్డులో పని రానివాళ్లకిచ్చే పని. అన్న ముఖం నల్లబడింది.

"ఎవడితో మాట్లాడుతున్నావురా?"

"నీతోనే."

ఆయన అక్కవైపు చూశాడు. అక్క చీపురు తీసుకుని నా గోడ పొట్టు ఊడుస్తోంది.

"నాకేం చెప్పొద్దు," అంది. "ఎదురుగానే ఉన్నాడుగా."