డబ్బాల కింది వరస

మంగళవారం మధ్యాహ్నం నాలుగోసారి కంప్యూటర్‌లో ఆట దానంతటదే మూసుకుపోయింది. రేవు వంతెన పది అడుగుల దూరంలో ఉండగానే తెర నల్లబడింది. మరుక్షణం మా అమ్మాయి రేఖ స్కూలు ఫొటో పెట్టిన మామూలు తెర వచ్చేసింది. ఏం తప్పు జరిగిందో చెప్పే మాట ఒక్కటీ లేదు.

"మళ్ళీ పోయిందేటి?" అంది మా అత్తగారు పార్వతీదేవి. ఆవిడ నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుని చేటలో మినుములు ఏరుతోంది.

"పోయింది అత్తా."

"ఆ పిల్ల ఏటైపోయినట్టు మరి?"

ఆ పిల్ల అంటే ఆటలో నేను నడిపే మనిషి. విల్లు పట్టుకుని తిరిగే పొడుగాటి ఆడమనిషి. అత్తగారికి ఇంగ్లీషు రాదు. అయినా ఏడాదిన్నరగా రోజూ రెండు నుంచి నాలుగు దాకా నా పక్కన కూర్చుని, ఆ పిల్ల వెళ్ళిన చోటల్లా చూసింది. ఎవరు నమ్మదగినవాళ్ళో, ఎవరు మోసం చేసే రకమో నాకంటే ముందే చెప్పేది.

ఆ కంప్యూటర్ రేఖ తొమ్మిదో తరగతిలో ఉండగా కొన్నాం. ఇంటర్‌కి అది విశాఖపట్నం హాస్టల్‌కి వెళ్ళిపోయాక దాని మీద కప్పిన గుడ్డ దులపడం తప్ప నాకు దానితో పని లేకపోయింది. ఒకరోజు దులుపుతూ తెరిచి, రేఖ వదిలేసిన ఆట చూశాను. ఒక పెద్ద దేశం, కొండలు, కోటలు, నదులు. ఎటు వెళ్ళమని ఎవరూ చెప్పరు. ఎటు వెళ్ళాలో నేనే నిర్ణయించుకోవాలి. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో అలాంటి అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. మొదటి వారం దారి తప్పుతూనే ఉన్నాను. రెండో వారం నుంచి తప్పలేదు.

ఆటను అమ్మినవాళ్ళు ఇచ్చినది ఇచ్చినట్టే ఆడనక్కర్లేదని నెట్‌లో చదివి తెలుసుకున్నాను. ఆడేవాళ్ళలోనే తెలిసినవాళ్ళు రకరకాల చేర్పులు తయారుచేసి ఊరికే ఇస్తారు. వాటిని మోడ్లు అంటారు. ఒకటి వాన తెస్తుంది, ఒకటి ఆకలి తెస్తుంది, ఒకటి సాలీళ్ళను తీసేస్తుంది. నా దగ్గర అలాంటివి నలభై మూడు ఉండేవి. వాటిలో నాకు బాగా ఇష్టమైనవి రెండు. ఒకటి సముద్రం ఒడ్డున చిన్న ఊరుంటే దాన్ని రాతి వంతెనతో పెద్ద రేవుగా మార్చేది. రెండోది ఆ రేవులో పడవలు కట్టి, ఇసకలో చేపలు ఎండేసే పందిళ్ళు వేసేది. మా పుట్టిల్లు కళింగపట్నం. ఆ పందిళ్ళు మొదటిసారి చూసినప్పుడు కాసేపు ఆట ఆపి అలాగే చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల ఇల్లు ఆ రేవు అవతలే ఉంది. ఇప్పుడు వంతెన దాటితే తప్ప ఇంటికి చేరదు, వంతెన దగ్గరకు వెళ్తే ఆట ఆగిపోతుంది.

బుధవారం భోజనానికి వచ్చినప్పుడు మా ఆయన జయకృష్ణ సంగతి బయటపెట్టాడు. మాకు గంటస్తంభం దగ్గర గిన్నెల కొట్టు ఉంది. ఆయన ఒంటిగంటన్నరకి వచ్చి, తిని, ఇరవై నిమిషాలు పడుకుని వెళ్తాడు.

"అనూరాధ ఫోను సేసింది," అన్నాడు. అనూరాధ మా ఆడపడుచు. "కొత్తవలస స్టేషన్ దగ్గర జిరాక్స్ షాపు పెడతన్నారు గదా. కంప్యూటర్ కావాలట. మనది ఇచ్చీమంది. ఆదివారం నరేష్ బావ వ్యాన్ తెస్తాడు."

"మనది ఎందుకు?"

"పాడైపోయిందని నువ్వే అన్నావు."

"కంప్యూటర్ కాదు, ఆట పాడైంది."

"రెండూ ఒకటే కాదేటి? రేఖకి ఇంజినీరింగ్‌లో ల్యాప్‌టాప్ కొంటాం. ఇది ఇక్కడుండి ఏటి సేస్తాది? పని సేస్తే నువ్వు ఆడతావు, సేయకపోతే నువ్వు తిడతావు."

"మా అమ్మాయి కోసం కొన్నది," అన్నాను. అది నిజమైన జవాబు కాదని నాకే తెలుసు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అందరూ మాట్లాడాక అత్తగారు మాట్లాడుతుంది. ఆవిడ అన్నాక ఆ మాట మీద ఇంకో మాట ఉండదు. ఆవిడ మజ్జిగ అన్నం పూర్తిచేసి, కంచంలో చెయ్యి కడుక్కుంది.

"ఆదివారం దాకా సూద్దాం. అప్పటికి బాగయితే ఒక లెక్క, అవకపోతే ఒక లెక్క."

మా ఆయన తల ఊపాడు. నాకు నాలుగు రోజులున్నాయి.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాను. ముందుగా ఆ పిల్ల ఇంతవరకూ నడిచిన కథంతా ఉన్న ఫైలుకి రెండు నకళ్ళు తీసి, ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి బియ్యం డబ్బా పక్కన పెట్టాను. తర్వాత రేఖకి ఫోన్ చేశాను. ఎంసెట్ కోచింగ్ మధ్యలో పది నిమిషాల విరామంలో అది ఎత్తింది.

"అమ్మా, కొత్తగా మొదలెట్టీ. అందరూ అదే సేస్తారు."

"ఏడాదిన్నర కథే."

"అయితే ఏటి? నేను మూడుసార్లు మొదలెట్టీసేను."

"అందుకే నువ్వు దేన్నీ పూర్తి చెయ్యలేదు," అన్నాను. అది నవ్వి ఫోను పెట్టేసింది.

నెట్‌లో అడిగితే వాళ్ళూ అదే మాట చెప్పారు. నేను మాత్రం మొదలుపెట్టదలచుకోలేదు. చారులో ఉప్పు ఎక్కువైతే ఎందువల్ల ఎక్కువైందో తెలుసుకోకుండా పారబోయడం నాకు చేతకాదు.

నా అనుమానం ఆదివారం చేర్చిన కొత్త మోడ్ మీద. ఇళ్ళ కిటికీల్లో దీపాలు పెట్టేది. అది వచ్చిన రెండు రోజులకే ఆట ఆగిపోయింది కాబట్టి దాన్ని తీసేశాను. అయినా ఆట ఆగింది. తర్వాత పరీక్ష కోసం ఒక కొత్త మనిషిని తయారుచేసి, నలభై రెండు మోడ్లనూ రెండు సగాలుగా చేశాను. మొదటి సగం మాత్రమే ఉంచితే ఆ ఒడ్డు దాటగలిగాను. రెండో సగం మాత్రమే ఉంచినా దాటగలిగాను. రెండూ కలిపితే ఆగిపోయింది. చెడ్డది ఏదో ఒకటి ఉంటే ఏదో ఒక సగంలో దొరకాలి. బుధవారం, గురువారం అలాగే పోయాయి.

శుక్రవారం మధ్యాహ్నం అత్తగారు చేట పక్కన పెట్టి తెర వైపు చూసింది.

"నువ్వు ఆ దీపాలని ఊరికే తిడతన్నావు."

"ఏం అత్తా?"

"దీపాలు రాక ముందే పడవ వంతెనెక్కీసింది. నేను సెప్పేను, నువ్వు నవ్వేవు."

"ఎప్పుడు?"

"నేను చింతపండు గింజలు తీస్తన్నప్పుడు. పిల్ల కొండ మీద నించుంది. కిందకి సూస్తే పడవ సగం రాయిలో దిగబడిపోయున్నాది. నువ్వేమో దూరం కదా అలా కనబడతాది అన్నావు."

నాకు గుర్తొచ్చింది. చింతపండు గింజలు తీయడం పోయిన శుక్రవారంతో అయిపోయింది. శనివారం ఉప్పు కలిపి జాడీలకెత్తాం. దీపాల మోడ్ వచ్చింది ఆదివారం. అంటే శుక్రవారానికే రేవు చెడిపోయి ఉంది. నేను దగ్గరకు వెళ్ళలేదు గనుక తెలియలేదు.

ఆ శుక్రవారం పొద్దున్న నేను చేసిన పని ఒక్కటే. మోడ్ల జాబితా సర్దాను.

ఆ జాబితా చూసినప్పుడల్లా నాకు చిరాకుగా ఉండేది. ఆకలికింద కత్తులు, కత్తులకింద వంట. మా వంటింట్లో ప్రతి డబ్బాకీ పేరు రాసి అక్షరాల వరసలో పెట్టుకుంటాను. ఈ జాబితాని కూడా అలాగే ఇంగ్లీషు అక్షరాల వరసలో పెట్టేశాను. కందిపప్పు డబ్బా జరిపితే పప్పు రుచి మారదు కదా. పనిలో పనిగా, దింపుకున్న పాత ఫైళ్ళు చోటు దండగని అన్నీ చెరిపేశాను కూడా.

పడవల మోడ్ చేసినాయన రాసిన పేజీ ఇప్పుడు మొదటి నుంచి చివరి దాకా చదివాను. చివరి వాక్యంలో ఉంది: రేవు మోడ్ తర్వాతే దీన్ని ఉంచండి. ఆట జాబితాని పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుందట. రెండు మోడ్లు ఒకే చోటు గురించి వేర్వేరుగా చెబితే, చివర చెప్పినదాని మాట నిలుస్తుంది. పడవలవాడు ముందు మాట్లాడి పడవలు కట్టాడు. రేవువాడు తర్వాత మాట్లాడి వాటి మీదుగా వంతెన కట్టేశాడు.

ఇంత చిన్న విషయం నాకు తెలియకపోవడం ఆశ్చర్యం. రోజూ మా భోజనాల దగ్గర చూస్తూనే ఉన్నాను.

ఆ రెంటినీ మార్చాను. పరీక్ష మనిషి వంతెన దాటింది. కోట గుమ్మం దగ్గర ఆట మళ్ళీ ఆగింది. అక్కడ ఇంకే రెండు మోడ్లు పోట్లాడుకుంటున్నాయో తెలియదు. పేజీలో వరస రాసిపెట్టినవాళ్ళు ముగ్గురో నలుగురో. మిగతావాటికి ఏ వరస మంచిదో చెప్పేవాళ్ళు లేరు. కాని ఏడాదికి పైగా అవి ఒక వరసలో సుఖంగా ఉన్నాయి. అవి ఇంట్లోకి వచ్చిన వరస అది. ఆ వరస నాకు కావాలి. దింపుకున్న ఫైళ్ళుంటే వాటి తేదీలే చెప్పేవి, వాటిని నేనే చెరిపేశాను.

గోడ క్యాలెండర్ దగ్గరకు వెళ్ళాను. గ్యాస్ సిలిండర్ వచ్చిన రోజు, పాలు మానేసిన రోజు, ఏది జరిగినా ఆ తేదీ గడిలో రాసుకోవడం నా అలవాటు. మోడ్లూ అలాగే రాశాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పదకొండు దొరికాయి. మిగతావి నిరుడు వచ్చినవి.

"నిరుటి క్యాలెండర్ ఏం చేశాను అత్తా?"

"డబ్బాలకింద ఏసేవు కదే," అంది ఆవిడ. "నాకు మందులు సుట్టుకోడానికి ఒక్క కాయితం ఇయ్యమంటే ఇయ్యలేదు."

శనివారం పొద్దున్న టిఫిన్లు అవగానే వంటింటి అరలు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాను. అటుకులు, ఆవాలు, ఇంగువ, ఉలవలు. డబ్బాలన్నీ హాల్లో నేల మీదకు దిగాయి. నేను స్టూలెక్కి అరల మీద పరిచిన కాగితాలు ఒక్కొక్కటే చదువుతుంటే, అత్తగారు రేఖ పాత రికార్డు పుస్తకంలో రాసింది.

"ఫిబ్రవరి ఎనిమిది. సిలిండర్. వాన."

"సిలిండర్ రాయాలా?"

"వద్దు. వాన ఒక్కటే. మార్చి రెండు, సాలీళ్ళు. మార్చి ఇరవై, రేవు. ఇరవై ఏడు, పడవలు."

"అదిగో, రేవు తర్వాతే పడవలు," అంది ఆవిడ, సాక్ష్యం దొరికినట్టు.

ఆగస్టు కాగితం మీద నూనె డబ్బా కారింది. అంకెలు తేలుతున్నాయి, నా అక్షరాలు పోయాయి. వెలుగుకి పట్టుకుని చూస్తే రెండు గళ్ళలో రాత ఉందని మాత్రం తెలిసింది. లెక్కకు తేలని మోడ్లు కూడా రెండే, కొత్త మబ్బులూ మేకలూ. మబ్బులు నాకెంతో ఇష్టం. కాని అవి వానతో ఎక్కడ తగువు పెట్టుకుంటాయో పరీక్షించే వ్యవధి లేదు. మబ్బుల్ని తీసేశాను. మేకలు చిన్న విషయం కాబట్టి ఊహించి మధ్యలో పెట్టాను.

మధ్యాహ్నం మా ఆయన వచ్చి హాల్లో కాలు పెట్టే చోటు లేక గుమ్మంలోనే ఆగాడు.

"ఏటిది, మనింట్లో కూడా కొట్టు పెట్టీసేరా?"

"ఉలవల డబ్బా దాటి రండి," అన్నాను.

సాయంత్రానికి నలభై ఒక్క మోడ్లూ వచ్చిన వరసలో నిలబడ్డాయి. ఆదివారం పొద్దున్న వంట ముగించి తీరిగ్గా పరీక్షిద్దామనుకున్నాను. అనూరాధ భర్త నరేష్ అన్నయ్య తొమ్మిదిన్నరకే వచ్చేశాడు. భుజం మీద ఒక తాడు, చంకలో పాత దుప్పటి.

"చెల్లెమ్మా, టీవీ లాటిది ముందు సుట్టీమంటావా, డబ్బా ముందు సుట్టీమంటావా?"

"కూర్చోండి అన్నయ్యా. కాఫీ తాగండి. నాకు పది నిమిషాలు పని ఉంది."

పదిమంది ముందు పాట పాడమంటే ఎలా ఉంటుందో అలా ఉంది. పరీక్ష మనిషిని కాకుండా ఆ పిల్ల కథే తెరిచాను. కొండ దిగాను. నా వెనక మా ఆయన, నరేష్ అన్నయ్య, పక్కన అత్తగారు. వంతెన పది అడుగుల దూరానికి వచ్చింది. అయిదు అడుగులు. కాలు రాతి మీద పడింది. కింద పడవలు నీళ్ళలో ఊగుతున్నాయి.

"పడవలు కిందకి దిగిపోయేయి," అంది అత్తగారు.

వంతెన దాటాను. చేపల పందిళ్ళు దాటాను. కోట గుమ్మంలోంచి అవతలికి వెళ్ళి, మలుపు తిరిగి, ఆ పిల్ల ఇంటి తలుపు తీసి లోపలికి వెళ్ళి తలుపు వేశాను. ఆట ఆగలేదు. అప్పుడు సేవ్ చేసి కుర్చీ వెనక్కి తిప్పాను.

"బాగానే ఉన్నాదన్న మాట," అన్నాడు నరేష్ అన్నయ్య. "అయితే ఇంకా మంచిది. మా షాపుకి బాగున్నదే కావాలి."

"మరి అనూరాధకి మాటిచ్చీసేను," అన్నాడు మా ఆయన, నన్ను చూడకుండా. "అది ఎదురుసూస్తుంటాది."

ఇద్దరూ మాట్లాడేశారు. ఇద్దరూ అత్తగారి వైపు చూశారు. నేనూ చూశాను. ఆవిడ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటోంది.

"నన్నేటి సూస్తారు? నేను సేసేనా బాగు? దాన్నడగండి."

ఆఖరి మాటకు ముందు మా హాల్లో ఉండే నిశ్శబ్దం నాకు తెలుసు. ఎప్పుడూ అది ఆవిడదే. ఈసారి దాన్ని నాకిచ్చి ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది.

"కంప్యూటర్ ఇక్కడే ఉంటుంది అన్నయ్యా," అన్నాను. "ఇది నేను వాడుకుంటున్నాను. అనూరాధకి కావాల్సింది వేరే. జిరాక్స్ షాపుకి ఇంత పెద్దది అక్కర్లేదు. బుధవారం నేను కొత్తవలస వస్తాను. ఏది కొనాలో చూసి, అన్నీ ఎక్కించి, తనకి నేర్పి సాయంత్రం పాసింజర్‌కి వచ్చేస్తాను."

"నువ్వా?" అన్నాడు మా ఆయన.

"నేనే. బుధవారం భోజనం మీరిద్దరూ చూసుకోండి."

నరేష్ అన్నయ్య తాడు చుట్ట చుట్టుకున్నాడు. "ఆ మాటే బాగున్నాది. మా ఆవిడకి నేర్పడం నా వల్ల కాదు," అన్నాడు. ఖాళీగా పంపడం ఎందుకని అత్తగారు దుప్పటిలో రెండు కేజీల చింతపండు కట్టించింది.

వాళ్ళు వెళ్ళాక తెర మీద ఆ పిల్ల ఇంటి కప్పు కనబడేలా తిప్పి చూశాను. పొగగొట్టం పక్కన ఒక మేక గాల్లో నిలబడి ఉంది.

"దాన్నేటి సేస్తావు?" అంది అత్తగారు.

"ఉండనివ్వండి. అది ఎవరి జోలికీ పోవడం లేదు."

హాలంతా డబ్బాలు. నేను కొత్త కాగితాలు కత్తిరించి అరల్లో పరుస్తుంటే ఆవిడ అటుకుల డబ్బా ఎత్తి పట్టుకుంది. నిరుటి క్యాలెండర్ కాగితాలు అప్పటికే మడిచి, రికార్డు పుస్తకంలో పెట్టేశాను. ఆగస్టు ఒక్కటి ఆవిడకిచ్చాను, మందులు చుట్టుకోడానికి.