నా పేరు మీద తొమ్మిది నెలలు

నాకు అక్షరాలు యాభై ఆరో ఏట వచ్చాయి. ఎక్కడైనా ఒత్తు జారితే, దీర్ఘం తప్పితే మన్నించండి. ఈ కాసిని కాగితాలు రాయడానికి పదకొండు రోజులు పట్టింది. చెయ్యి నెమ్మది, పైగా పిండి గిర్నీ ఆపి కూర్చునే వీలు లేదు.

పొద్దున్నే తలుపు తీసి, రాళ్ళకు అంటుకున్న నిన్నటి పిండి గీకడంతో నా రోజు మొదలవుతుంది. పంతొమ్మిదేళ్ళు మా ఆయన భిక్షం ఉండగా కూడా అదే పని. గింజ పోసేది నేను, రాయి బిగించేది నేను, తూకం వేసేది నేను. ఆయన గల్లా దగ్గర కూర్చునేవాడు. ఎవరైనా "మీ పిండి మస్తు సన్నగుంటదే" అంటే మీసం సవరించుకునేవాడు. నేను లెక్క అడిగితే మాత్రం, "నీకేం సమజైతదే, గింజ బొయ్యి" అనేవాడు. మన గిర్నీయే కదా అని నాకు ఎవరూ జీతం ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మిషను మీద ఒకటి తీరితే ఇంకొకటిగా తీసుకున్న అప్పుల వాయిదా నెలనెలా మేడ్చల్ బస్సెక్కి వెళ్ళి, బ్యాంకులో వరుసలో నిలబడి కట్టిందీ నేనే. ఒక్క నెల తప్పలేదు. జ్వరంతో కూడా వెళ్ళాను.

ఆయన పోయి, దినాలు అయిన మర్నాడు మా మరిది సిద్దిరాములు వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"వదినె, గీ మిషను ఇగ ఎక్కువ రోజులు నడ్వది. కొత్తది నా పేరు మీద దెస్త. నువ్వు ఎప్పటిలెక్కనే నడుపు. దినాం మూడొందలిస్త."

"నేనే దెస్త."

"నీకెవడిస్తడు వదినె లోను?" అని పకపకా నవ్వాడు. "సరే, వచ్చే దసరా గాక పై దసరా దాక జూస్త. కొట్టుల సగం నాది, మర్శిపోకు."

బ్యాంకులో లిఖిత అనే అమ్మాయి ఉంది. కాకినాడ వైపు పిల్ల, తూంకుంట కాలనీలో ఉంటుంది. కంప్యూటర్ చూసి, నా ముఖం చూసి, మళ్ళీ కంప్యూటర్ చూసింది. "అమ్మా, మీ పేరు మీద ఏమీ లేదండి. అప్పు సరిగ్గా కడతారో లేదో చెప్పే స్కోరే పుట్టలేదు."

"పంతొమ్మిదేండ్లు గట్టిన బిడ్డా."

"కట్టింది మీరేనండి. కానీ అప్పు ఆయన పేరున ఉంది. పాత ఫైల్లో ఆయన స్కోరు ఏడు వందల ఎనభై. మూడు వందల నుంచి తొమ్మిది వందల దాకా ఉండే లెక్కలో అది చాలా మంచిదండి."

బస్టాండులో చాలాసేపు కూర్చుండిపోయాను. నా కాళ్ళ నొప్పులన్నీ ఒక చచ్చిపోయిన మనిషికి మంచి పేరయ్యాయి. ఏడుపు రాలేదు. ఆకలి వేసింది. రెండు మిర్చి బజ్జీలు కొనుక్కుని తిన్నాను.

లిఖిత చెప్పినట్టే ఇరవై వేలు డిపాజిట్ చేసి, దాని మీద పద్దెనిమిది వేల వరకు వాడుకునే కార్డు తీసుకున్నాను. బిల్లు నేనే చదువుకోవాలని మా మహిళా సంఘం వాళ్ళ బడికి వెళ్ళి అక్షరాలు దిద్దాను. ఎక్కువ వాడి ఎక్కువ కడితే బ్యాంకుకు నా మీద నమ్మకం పెరుగుతుందనుకుని, కార్డు మీద నెలకు పదిహేడు వేల రూపాయల మిరపకాయలు, పసుపుకొమ్ములు కొని, పొడి కొట్టి అమ్మి, తేదీకి ముందే మొత్తం కట్టేశాను. తొమ్మిది నెలలకు స్కోరు ఏడు వందలు దాటింది. ఇక ఆగలేదు. మిషనుకు బెల్టు కొనాలన్నా నాలుగు దుకాణాల్లో ధర అడిగే అలవాటు నాది. అలాగే ఒకే వారంలో నాలుగు చోట్ల లోనుకు కాగితాలు పెట్టాను. నాలుగు చోట్లా లేదన్నారు. స్కోరు ఆరు వందల అరవై ఎనిమిదికి పడింది.

"చెప్పిన గదనే వదినె, నీతోని గాదని" అన్నాడు సిద్దిరాములు. ఆ కోపంలో కార్డు తీసుకెళ్ళి లిఖిత బల్ల మీద పెట్టాను. "ఇది బంద్ జెయ్యి. నా పైసలు నాకియ్యి."

"మూసేస్తే ఉన్న తొమ్మిది నెలల చరిత్ర కూడా ఆగిపోతుందమ్మా" అంది ఆ పిల్ల. కుర్చీ జరిపి నెమ్మదిగా చెప్పింది. టైముకు కట్టడం అన్నిటికన్నా పెద్ద బలం, అది నాకు ఉంది. కానీ ప్రతినెలా అంచుదాకా వాడితే, చేతిలో డబ్బు ఆడని మనిషిలా కనిపిస్తాను. అప్పుడే నాలుగు చోట్ల అడిగితే ఆ అనుమానం గట్టిపడుతుంది. "పదేళ్ళ నుంచి కడుతున్నవాళ్ళు నాలుగు చోట్ల అడిగినా ఇంత దెబ్బ తగలదండి. మీది తొమ్మిది నెలలే కదా."

అది నాకు గిర్నీ భాషలో అర్థమైంది. రాయి బిగించడం తప్పు కాదు. గింజ కొంచెం పచ్చిగా ఉన్నా పర్వాలేదు. తొట్టి నుంచి జోరుగా వదిలినా కొన్నిసార్లు నడుస్తుంది. పచ్చి గింజను జోరుగా వదిలి రాయి కూడా బిగిస్తేనే పిండి ముద్దకట్టి మాడుతుంది. నేను మూడూ ఒకేసారి చేశాను. ఇంత తెలిసిన నన్నా ఆయన గింజ పొయ్యమన్నది అని మొదటిసారి నవ్వొచ్చింది.

కార్డు వెనక్కి తీసుకున్నాను. నెలకు నాలుగు వేలు దాటకుండా వాడాను. ఎక్కడా అడగలేదు. ఆగడమే కష్టమైంది. పాత మిషను రోజూ దగ్గుతూనే ఉంది, దసరా దగ్గర పడుతూనే ఉంది. ఇంకో తొమ్మిది నెలల తర్వాత లిఖిత ఫోన్ చేసింది. "ఏడు వందల నలభై ఒకటండి! రండి."

దసరాకు ముందే కొత్త మిషను నా పేరున వచ్చింది. కొట్టులో సిద్దిరాములు వాటాకు నెలనెలా కిరాయి ఇస్తున్నాను.

పోయిన వారం అతను ఒక చేత్తో జొన్నల సంచి, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని వచ్చాడు. ఫోను, బండి వాయిదాలు ఎగ్గొట్టడంతో అతని స్కోరు అయిదు వందల్లో ఉందట. ట్రాక్టర్ లోనుకు జమానతు కావాలట.

"నీ స్కోరు మంచిగున్నదంట గదా. గీడ ఒక్క సంతకం వెట్టు వదినె. మనమంత ఒక్కటే ఇంటోళ్ళం."

"నువ్వు గట్టకపోతే నా మీద వడ్తది."

"అన్న ఉంటె పెట్టేటోడు."

"పెట్టేటోడే. కట్టేదాన్ని నేను."

గిర్నీ ముందు ఆడవాళ్ళ డబ్బాలు, సంచులు వచ్చిన వరుసలో నేల మీద ఉన్నాయి. నేను మిషను స్విచ్ వేస్తూ అన్నాను:

"కాగితం జేబుల వెట్టుకో సిద్దిరాములూ. జొన్నలు వరుసల వెట్టు."

నర్సమ్మ, యాభై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది దేవరయాంజాల్‌లో, గిర్నీ వెనక గదిలో.