కత్తి తగిలించే రిబ్బను

"కాస్త నెమ్మదిగా కొట్టు హెస్టర్. ఆ టకటకలో నా ఆలోచన జారిపోతోంది," అన్నాడు పర్సీ, కిటికీ దగ్గర పైపు వెలిగించుకుంటూ.

హెస్టర్ నెమ్మదించింది. ముప్ఫై ఏళ్ళు పార్లమెంటు సభ్యుడిగా చేసి విరమించిన భర్త తన జీవితకథ చెబుతున్నాడు. ఆమె టైపు చేస్తోంది. మధ్యమధ్య లేచి పొయ్యి మీద మాంసం చూసొస్తోంది. పదకొండో అధ్యాయం, థార్న్‌బీ.

చాలా ఏళ్ళ కిందట ఒక చలికాలంలో, గనుల ఊరైన థార్న్‌బీ సభ్యుడు హఠాత్తుగా పోయాడు. ఆ సీటు పర్సీకి కావాలి. కానీ అప్పటికి అతను మరో ఊరికి సభ్యుడు, మే ఎన్నికల దాకా కదలడానికి లేదు. "మూడు నెలలు నువ్వు కూర్చోవోయ్, తర్వాత నేనొస్తా," అన్నాడు హెస్టర్‌తో. గని కార్మికుల క్లబ్బులో ఒకటే నవ్వులు. "ఆవిడ నిలబడ్డం కాదురా, పర్సీ సీటు మీద కర్చీఫు వేస్తున్నాడు."

కర్చీఫే గెలిచింది.

సభలో కోట్లు తగిలించేచోట ప్రతి సభ్యుడికీ ఒక కొక్కెం, దాని పైన పేరు, కింద కత్తి వేలాడదీయడానికి గులాబీరంగు రిబ్బను. కత్తులు పోయి ఎన్ని తరాలయినా రిబ్బను పోలేదు. హెస్టర్ దానికి కూరల సంచీ తగిలించేది. ఇంట్లో తలుపు వెనక ఉన్నది ఒకటే కొక్కెం. ఆమె కోటు ఎప్పుడూ పర్సీ కోటు కిందే. తన పేరుతో ఒక కొక్కెం ఉన్నది ఆ ఎనభై తొమ్మిది రోజులే. తడిసిన ఉన్ని వాసన, నది మీది పొగమంచు ఇప్పటికీ గుర్తే. సభలో ఒక్కసారే మాట్లాడింది, ఆరు నిమిషాలు. బొగ్గుమసితో ఇంటికొచ్చే మగవాళ్ళ స్నానానికి నీళ్ళు కాచి, తొట్టెలు ఎత్తి నడుములు పోగొట్టుకున్న ఆడవాళ్ళ గురించి. గని దగ్గరే స్నానాల గదులు కట్టమంది. తొట్టె ఎత్తుతూ తన తల్లికే కడుపు పోయిందని కూడా చెప్పింది.

"కొట్టు," అన్నాడు పర్సీ. "గనుల దగ్గర స్నానాల గదులు కావాలని థార్న్‌బీ తరఫున సభలో మొదట అడిగినవాణ్ణి నేనే. మా అత్తగారు తొట్టె ఎత్తుతూ..."

హెస్టర్ వేళ్ళు ఆగాయి.

"అది నేనడిగాను పర్సీ."

"నువ్వడిగితేనేం, నేనడిగితేనేం? మనం వేరా? చదివేవాళ్ళకి గందరగోళం దేనికి. ఊఁ, కానీ."

ఆమె లేచింది. టైపు మిషన్ని రెండు చేతులా ఎత్తి తెచ్చి అతని ముందు పెట్టింది. తొట్టెంత బరువేం లేదు.

"ఈ పేజీ నువ్వే కొట్టుకో."

పర్సీకి టైపు రాదు. తలుపు వెనక నుంచి అతని కోటు తీసి కుర్చీ మీద వేసింది హెస్టర్. కొక్కేనికి తన కోటు ఒక్కటే మిగిలింది.