పూజనాటి టోకెన్

అచ్చంపేట అవతల, కృష్ణ ఒడ్డున ఉన్న ఎత్తిపోతల మోటారుకు నాచు చుట్టుకున్నప్పుడల్లా నది నీరు చేరే బావిలోకి దిగేవాడు మస్తాన్‌రావే. దిగే ముందు కరెంటు పెట్టెలోని ఫీజులు పీకి, తువ్వాలులో మూటగట్టి, మొలకు బిగించుకొనేవాడు. మోటారు ప్రాణం తన నడుమున ఉన్నంతసేపూ అతనికి నిబ్బరం.

ఆనాడు బిగించుకోలేదు.

అతని కూతురు హిమజ ఆ మోటారును ఫోనుతో నడిపే ఏర్పాటు చేసింది. ఫోనుకు వచ్చిన అంకెలు కొట్టి లోనికి ప్రవేశించిన రైతుకు సర్వరు ఒక టోకెన్ ఇస్తుంది. ఆపై ఆ ఫోను పంపే ప్రతి ఆజ్ఞకూ ఆ టోకెన్ తోడు వెళ్లాలి. దాని ముద్ర సరియైనదైతే మోటారు మాట వింటుంది. తండ్రి బావిలోకి దిగవలసి ఉన్నందున ఉదయమే హిమజ పేరుపేరునా అందరి టోకెన్లూ రద్దు చేసింది. నియమం నియమమే కనుక తనది కూడా.

"దిగు నాన్నా. ఇప్పుడు ఊళ్లో ఎవరు నొక్కినా కదలదు."

"ఫీజులు పీక్కోనా?"

నీటి సంఘం అధ్యక్షుడు త్రికోటేశ్వరరావు బండి మీద కూర్చునే నవ్వాడు. "ఏంది మస్తానూ, చదివిచ్చిందీ నువ్వే, నమ్మంది నువ్వేనా?"

మస్తాన్‌రావు కూతురి ముఖం చూచి పెట్టె మూసివేశాడు. ఎటూ కరెంటు లేదు. ఫోను జేబులో ఉండగానే చొక్కా విప్పి మేకుకు తగిలించి, నీళ్లలోకి దిగాడు. త్రికోటేశ్వరరావు హిమజను ఊరి మొగదల దింపి అచ్చంపేట వెళ్లిపోయాడు.

వీధిలో పున్నమ్మ అరుగు మీద చింతపండు వలుస్తోంది.

"ఇవాళ నీళ్లు రావు పెద్దమ్మా. నాన్న బావిలో ఉన్నాడు."

"అట్టనా? ఇందాకే నొక్కితినే. మిరప నారు వాడిపోతా ఉంది. కరెంటు రాంగానే ఆడిద్దని చూపిచ్చింది."

"చూపించదులే. నీ టోకెన్ తీసేశా."

"నాదెవరిక్కావాలే? నేనెప్పుడూ పూజనాటిదే నొక్కేది. అంకెలడగదు, పేరడగదు, మారాజు."

హిమజకు అరుగు కదిలినట్లయింది.

కొత్త నీటికి తొలినాడు ఇంటికొకరు పసుపు చేత్తో మీట తాకాలన్నది ఆ ఊరి ఆచారం. ముహూర్తం మించిపోతూ ఉంటే అంతమందికి అంకెలు ఎప్పుడు రావాలి? అందుకని ఆనాడు ఆమె పేరు లేనిదీ, గడువు లేనిదీ ఒకే టోకెన్ చేసి ఊరందరికీ పంపింది. మరునాడు తీసివేయబోతే, "దేవుడి ముందర ఇచ్చింది ఎనక్కి తీసుకుంటామా?" అన్నాడు త్రికోటేశ్వరరావు. నిన్నటి పువ్వు నేటికి నిర్మాల్యం. ఆ పువ్వును మాత్రం ఎవరూ తీయలేదు. ఉదయం ఆమె రద్దు చేసినవి పేర్లు. దానికి పేరే లేదు.

ఆజ్ఞ అప్పటికే బావి దగ్గరి పెట్టెకు చేరి, కరెంటు కోసం కాచుకొని ఉంది. కరెంటు వచ్చిన క్షణాన గొట్టం మూతి దగ్గరున్న చేతిని మోటారు లోనికి లాగుతుంది.

తండ్రికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగింది. మేకున వ్రేలాడే చొక్కా కన్నులకు కట్టింది. తన ఫోనులో 'ఆపు' నొక్కింది. అనుమతి లేదన్నది. అంకెల కోసం అడిగింది. అవి రాలేదు.

"ఫోనియ్యి పెద్దమ్మా."

"ఏందే, అట్టా లాక్కుంటావ్?"

ఊరంతటిలో మోటారు వినేది ఇక ఆ పూజనాటి టోకెన్ మాటే. పున్నమ్మ ఫోనులో హిమజ 'ఆపు' నొక్కింది. తెర మీద చక్రం తిరగసాగింది. అది తిరుగుతూ ఉండగానే, మూలనున్న ఎర్రచుక్క పచ్చబడింది. బావి దగ్గరకు కరెంటు వచ్చింది.

ఫోను చేతిలో ఉండగానే పరుగెత్తింది. చెప్పులు ఎక్కడ జారాయో తెలియదు. దారి పక్క తొట్టిలోకి తెరచుకొన్న గొట్టం వైపు చూడలేక చూచింది. మోటారు తిరిగితే నీళ్లు అక్కడే పడాలి. ఒక చుక్క జారింది. దాని వెనుక మరొకటి. ధార కాదు. పాత నీరో, కొత్త నీరో తేల్చుకొనే ధైర్యం లేక "నారాయణ, నారాయణ" అనుకొంటూ బావి గట్టు ఎక్కింది.

బావి నిశ్శబ్దంగా ఉంది.

"నాన్నా."

వంగి చూచింది. మసక నీటిలో బుడగలు. ఆ వెనుక నెరసిన తల, నోట కొడవలి, భుజాన నాచు. మస్తాన్‌రావు నిచ్చెన పట్టుకొని, కొడవలి చేతికి తీసుకొన్నాడు.

"ఏందే, ఎవరన్నా తరుముతున్నారా?"

పున్నమ్మ ఫోనులో చక్రం ఆగి, 'ఆజ్ఞ రద్దయింది' అని కనిపిస్తోంది. పెట్టె మీద కరెంటు పచ్చదీపం వెలుగుతోంది. తెరచి ఫీజులన్నీ పీకి, మూటగట్టి, పైకి వచ్చిన తండ్రి మొలకు తన చేతులతోనే బిగించింది. అతడు దీపాన్ని చూచాడు, కూతురిని చూచాడు. కాసేపు గట్టు మీద కూర్చున్నాడు.

"ఇంకా సగముంది" అని, ముడి ఒకసారి తడిమి చూచుకొని, మరల దిగాడు.

సాయంత్రం హిమజ సర్వరు ముద్రనే మార్చివేసింది. పాత టోకెన్లన్నీ ఒక్కసారిగా చచ్చుబడినవి. ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు పున్నమ్మ మూతి ముడిచింది.

"పూజనాడిచ్చింది తీసేశావంటనే?"

"వ్రతం అయినాక కంకణం విప్పరా పెద్దమ్మా?"

"మరి ఇన్నాళ్లూ నువ్వెందుకు విప్పలేదే?"

హిమజ ఆ ఫోనును మళ్లీ చేతిలోకి తీసుకొంది. పున్నమ్మ పేరున కొత్త టోకెన్ కోసం వచ్చిన అంకెలను కొట్టింది. రెండు మార్లు తప్పు పడింది.